మన నగరమును ఫుట్‌బాలు ఆటయు

ఒక యూరిలో పేరొందిన పాఠశాల మూతపడినచో ఆ యూరివారు చింతింతురు. గ్రంథాలయము తరలిపోయినచో పత్రికలకు జాబులు వ్రాయుదురు. కాని హైదరాబాదు పేరు ధరించి ఆడుచుండిన ఫుట్‌బాలు క్లబ్బు 2025వ సంవత్సరమున ఢిల్లీకి తరలి, పేరుకూడ మార్చుకొని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యైనపుడు, మన ఆబిడ్సులోగాని నాంపల్లిలోగాని బెంగపెట్టుకొనినవారు మాకు కానరాలేదు. దీనికి కారణమేమి? జనులకు ఆటయందు ప్రీతి లేదా? లేక ఆ క్లబ్బునకును జనులకును నడుమ బంధమే యేర్పడలేదా? రెండవదియే నిజమని మా యభిప్రాయము. ఆ బంధము పాఠశాలల మైదానములలో పుట్టవలసినది. ఆ మైదానములే నేడు మన కన్నులయెదుట కరగిపోవుచున్నవి. ఈ సంగతిని పాఠకులు ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఫుట్‌బాలు మన నగరమునకు క్రొత్త ఆట కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకొనినది. 1950లో ఆ జట్టే కలకత్తా మోహన్ బగాను నోడించి డ్యూరాండు కప్పును తెచ్చినది. 1954లోను, 1957లోను మరల గెలిచినది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేర నాల్గవమారు గెలిచినది. రాష్ట్రజట్టుల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ 1956-57లోను, 1957-58లోను హైదరాబాదునకే దక్కినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన దేశము నాల్గవ స్థానమును పొందినది. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, పీటర్ తంగరాజు, తులసీదాసు బలరాము మొదలగు హైదరాబాదువారు కలరు. వీరిలో బలరాము సికింద్రాబాదు దాపునగల అమ్ముగూడలో పెరిగినవాడు. తరువాతి తరమున మహమ్మదు హబీబు, సయ్యదు నయీముద్దీను కలకత్తాకు పోయి అక్కడివారి మన్నన లందిరి. 1970లో ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టునకు నాయకుడు నయీముద్దీనే.

ఇంతటి వైభవమునకు మూలపురుషుడెవరు? ధనికుడు కాడు, అధికారి కాడు, ఒక బడిపంతులు. సయ్యదు అబ్దుల్ రహీముగారు 1909లో ఈ నగరముననే జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో ఉపాధ్యాయులుగ పనిచేసిరి. 1950 నుండి సిటీ పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకులైరి. వారి శిక్షణముననే మన దేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలయందు స్వర్ణపతకములను గెలిచినది. జకార్తాలో ప్రేక్షకులందరు మనకు ప్రతికూలురు. మన రక్షకులలో మేటియైన జర్నైలు సింగు తలకు గాయమై కట్టుతో నుండెను. రహీముగారు అతనిని ముందువరుసలో నిలిపిరి. తుదిపోటీలో అతడును, పి. కె. బెనర్జీయు చెరియొక గోలు చేయగా దక్షిణ కొరియా ఓడిపోయినది. అప్పటికే రహీముగారిని క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. మరుసటి యేట, 1963 జూను 11వ తేదీన వారు పరమపదించిరి.

వారు బోధించిన పద్ధతులను చూడుడు. బంతిని తనయొద్దనే యుంచుకొని విన్యాసములు చూపుట నిషేధించి, వెంటనే సహచరునకు అందింపవలెనను నియమముతో పోటీలు జరిపించిరి. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో మరికొన్ని జరిపించిరి. వీనికి గొప్ప భవనములు వలయునా? విదేశపు యంత్రములు వలయునా? నేల, బంతి, బాలురు, ఓర్పుగల గురువు, ఇవి చాలును. మొక్కై వంగనిది మ్రానై వంగదని పెద్దలు చెప్పిన మాటను ఆ మహనీయుడు ఆటస్థలమున ఋజువుచేసి చూపెను.

ఇప్పుడు మొన్నటి క్లబ్బు సంగతి చూతము. అది 2019లో వెలసినది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియము దాని నెలవు. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ బ్లాస్టర్సు జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత యైనది. కాని మహమ్మారి కారణమున ఆ యేటి పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. తన జట్టు గెలిచిన ఆటలలో ఒక్కదానినైన నగరము తన నేలపై చూడలేదు. రెండేండ్లయినను గడువకముందే జీతముల బకాయిలు పెరిగి, ఆటగాండ్రు ఒక్కొక్కరుగ విడిచిపోయిరి. 2023-24లో ఆ జట్టు ఒక్క ఆటమాత్రము గెలిచి అట్టడుగున నిలిచినది. తరువాత యజమానులు మారిరి, పిమ్మట ఊరు మారినది, పేరు మారినది. కొనినవాడు తన సొత్తును తనకిష్టమైనచోటికి తీసికొనిపోయెను. చట్టరీత్యా అందు తప్పెన్న వీలులేదు. కాని సొత్తుగ నున్నంతవరకు క్లబ్బు ఊరిది కాజాలదని ఇందువలన తేలుచున్నది.

దక్షిణ అమెరికాలో బ్రెజిలు దేశమున శాంటోసు అను రేవుపట్టణము కలదు. కాఫీ గింజల ఎగుమతికి అది ప్రసిద్ధము. జనసంఖ్య నాలుగు లక్షలకు పైచిలుకు మాత్రమే. మన నగరముతో పోల్చిన అదొక పేట. అక్కడ 1912లో స్థాపించిన క్లబ్బు ఊరి పేరునే ధరించి, చిరకాలముగ సభ్యుల సంఘముగ నడచుచు వచ్చినది. రహీముగారి జట్టు మెల్బోర్నునకు పోయిన 1956లోనే పెలె అను పదునైదేండ్ల బాలుడు ఆ క్లబ్బులో చేరెను. మనవారు జకార్తాలో గెలిచిన 1962లోనే ఆ క్లబ్బు దక్షిణ అమెరికా ఖండపు కప్పును మొదటిసారి గెలిచినది. అంతవరకు ఉభయుల జాతకములు ఒక్కతీరుననే నడచినవి. ఆ తరువాత త్రోవలు చీలినవి. 2023లో శాంటోసు క్లబ్బు తన చరిత్రలో మొదటిసారి రెండవ శ్రేణికి దిగజారినది. అయినను అది ఊరు విడిచిపోలేదు. 2024లో రెండవ శ్రేణిలో ప్రథమముగ నిలిచి మరల పైకి వచ్చినది. పెలె మరణించినపుడు 2023 జనవరిలో ఆయన భౌతికకాయమును ఆ క్లబ్బు మైదానముననే ఉంచగా, జనులు బారులుతీరి కడసారి దర్శించిరి. ఓటమిలో వెంటనుండువారు, మృతుని స్మరించువారు, పిల్లలను చేర్పించువారు ఉన్నప్పుడే క్లబ్బు ఊరి సొమ్మగును. గెలుపు ఒక్కటే బంధమైనచో ఓటమితో అది తెగిపోవును.

మన చుట్టుప్రక్కల మైదానములను లెక్కించి చూడుడు. ఒకప్పటి ఫతే మైదానము 1967 నుండి లాల్ బహదూర్ స్టేడియము అయినది. అది సభలకును ఉత్సవములకును వాడుకలోనున్నది. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారము కూడ అచ్చటనే జరిగినది. నాంపల్లి ఎగ్జిబిషను మైదానము ప్రతి జనవరిలోను నుమాయిషు దుకాణములతో నిండును. గోషామహలు పోలీసు మైదానమున ఉస్మానియా ఆసుపత్రి నూతన భవనములకు 2025 జనవరి 31వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఇక మిగిలినవి నిజాము కళాశాల మైదానమును, పాఠశాలల ఆవరణములును. వానిలోను బండ్లు నిలుపుటకు కొంత, క్రొత్త తరగతి గదులకు కొంత ఏటేట హరించుచున్నది.

ఆసుపత్రి వలదని మేమనుట లేదు. అఫ్జల్‌గంజులోని పాతభవనము శిథిలమై, 2020లో వాననీరు రోగుల మంచములక్రిందికి వచ్చిన సంగతి అందరెరిగినదే. రోగికి పడక ముందు. బాలునకు బంతి తరువాత. కాని యొక మైదానమును తీసికొనునపుడు దానికి బదులుగ అదే పేటలలో బాలురు నడచిపోగల దూరమున మరియొకటి చూపుట ప్రభుత్వమునకు ధర్మము కాదా? ఆటలేక పెరిగిన బాలుడు రేపు ఆసుపత్రికే పోవలసివచ్చును గదా!

ఇక తలిదండ్రుల మాట. ఆట కూడు పెట్టదని వారందురు. సిటీ పోలీసు ఆటగాండ్రకు ఆటయే ఉద్యోగము నిచ్చినది. అయినను వారి సంశయమును మేము తేలికగ త్రోసిపుచ్చము. నేడు ఆ మార్గము ఇరుకైనది. అందరు ఆటగాండ్రే కావలెనని మా కోరిక కాదు. ప్రతి తరగతినుండి పదునొకండుగురు ఆడినచో, మిగిలినవారు వారిని చూచి, పేర్లు తెలిసికొని, పెద్దవారైన తరువాత ఊరిజట్టు ననుసరింతురు. క్రికెట్టు సంగతి చూడుడు. మన పొరుగుననే యున్న ఆల్ సెయింట్సు ఉన్నత పాఠశాల అజరుద్దీనును, వెంకటపతిరాజును దేశమునకిచ్చినది. బడి మైదానము చేయగల పని యెట్టిదో తెలియుటకు వేరు సాక్ష్యమేల?

కావున మా సూచనలు మూడు. మొదటిది: ఆబిడ్సు, నాంపల్లి పాఠశాలలన్నియు కలిసి, ప్రతియేటను రహీముగారి నియమములతోనే, అనగా బంతిని వెంటనే అందించు పద్ధతితో, ఒక పోటీ జరుపవలెను. స్థలము చిన్నదైనచో జట్టునకు ఆరుగురే ఆడుదురుగాక. రెండవది: లాల్ బహదూర్ స్టేడియమును వారమునకు రెండు ఉదయములైనను బడిపిల్లలకు రుసుములేక విడువవలెనని అధికారులను వేడవలెను. మూడవది: పాఠశాల ఆవరణములో ఏ క్రొత్త కట్టడము లేచినను, ఆటస్థలమునందు ఒక్క గజమైనను తగ్గింపరాదని నిర్వాహకవర్గములు నియమము చేసికొనవలెను.

విద్యార్థి సోదరులారా! పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన రహీముగారి పట్ల నిజమైనది. దూరదేశపు ఆటగాండ్ర పేర్లు మీకు కంఠస్థములు. మన వీథులలో నడచిన నూర్ మహమ్మదు పేరు మీలో నెందరికి తెలియును? తరలిపోయిన క్లబ్బును తిరిగి తెచ్చుట మీచేత కాదు. ధనికులు మరల నొక క్లబ్బును కొనితేవచ్చును, మరల కొనిపోవచ్చును. ఎవరును కొనిపోలేనిది ఒక్కటి కలదు: సాయంకాలము గంట మ్రోగినపిమ్మట మీరు బంతితో దిగు నేల. దానిని కాపాడుకొనుడు, అందు ప్రతిదినము ఆడుడు.