లంగరు నిలిచింది సరే, చెయ్యి లేచిందా?

"ఆపరేషన్ సక్సెస్" అన్న మాట ఆసుపత్రి వరండాలో వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ మాట అన్నది వైద్యుడు. అన్న సమయం కుట్లు పడిన గంటకో, రెండు గంటలకో. రోగి అప్పటికి మత్తులోంచి పూర్తిగా తేరుకొని కూడా ఉండడు. భుజానికి చేసే శస్త్రచికిత్సల విషయంలో ఇంత త్వరగా వెలువడే తీర్పు చెల్లదని నా అభిప్రాయం. ఫలితం చెప్పవలసినవాడు రోగి. చెప్పవలసినది ఏడాది తరువాత, ఆపైన మరి కొన్నేళ్ళకు మళ్ళీ.

భుజపు కీలు లోతులేని గిన్నెలో ఆనుకొని ఉన్న పెద్ద బంతి వంటిది. ఆ బంతిని పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అని పిలిచే నాలుగు కండరాల స్నాయువులు, గిన్నె అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే వలయం. ఇవి చిరిగితే మళ్ళీ ఎముకకు కట్టాలి. పూర్వం ఎముకకు బెజ్జాలు చేసి దారం దూర్చి కట్టేవారు. 1980ల నుంచి సూచర్ యాంకర్లు వాడుకలోకి వచ్చాయి. మన మాటల్లో కుట్టులంగరు అందాం. చిన్న మరమేకులా ఎముకలో దిగి కూర్చుంటుంది. దానికున్న దారాలతో స్నాయువును ఎముకకు అదిమి కడతారు. మొదట లోహపువి, తరువాత శరీరంలో మెల్లగా కరిగిపోయేవి, ఈమధ్య కేవలం దారంతోనే చేసినవి వచ్చాయి. ఏదైనా లంగరు పని తాత్కాలికమే. స్నాయువు అతుక్కునే దాకా కదలకుండా పట్టి ఉంచుతుంది. అతికించుకోవలసింది శరీరమే.

అతుక్కుంటే రోగి బాగుపడినట్టు, లేకుంటే లేనట్టు అని అనుకోవడం సహజం. కానీ అనుభవం వేరుగా చెబుతోంది. 2004లో అమెరికాలో గలాట్జ్ బృందం పెద్ద చిరుగులకు కీహోల్ పద్ధతిలో మరమ్మతు చేయించుకున్న 18 మందిని పరిశీలించింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తే 17 మందికి స్నాయువు మళ్ళీ చిరిగి ఉంది. అయినా ఏడాది నాటికి వారిలో చాలామందికి నొప్పి తగ్గింది, చెయ్యి పైకి లేచింది. రెండో ఏటికి ఆ మెరుగు కొంత తగ్గింది కూడా.

దీనికి ఎదురు ఉదాహరణ నార్వే నుంచి. లేబ్రమ్ పైభాగం ఊడిన 118 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు లేబ్రమ్‌ను తిరిగి అంచుకు కట్టారు. రెండో జట్టుకు అక్కడికి వచ్చి చేరే కండరపు స్నాయువును వేరేచోట స్థిరపరిచారు. మూడో జట్టుకు కోత పెట్టి, కీలు లోపల చూసి, ఏమీ చేయకుండా మూసేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. 2017లో ఫలితాలు ప్రచురించారు. నిజమైన శస్త్రచికిత్సకు, ఉత్తుత్తి శస్త్రచికిత్సకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒకచోట కుట్టు ఊడినా మనిషి బాగున్నాడు, మరొకచోట కుట్టు వేసినందువల్ల అదనంగా ఒరిగింది లేదు.

అలాగని శస్త్రచికిత్స వృథా అని నేననను. పదేపదే భుజం జారే యువకులకు లేబ్రమ్‌ను కట్టడం వల్ల మళ్ళీ జారే ప్రమాదం బాగా తగ్గుతుంది. నార్వేలోనే మూస్‌మేయర్ బృందం చిన్న, మధ్యస్థపు చిరుగులున్న 103 మందిలో మరమ్మతును, ఫిజియోథెరపీని పోల్చింది. 100 మార్కుల కొలమానంలో ఐదేళ్ళకు తేడా 5 చిల్లర మాత్రమే. పదేళ్ళకు అది 10కి దగ్గరై, మరమ్మతు పక్షానే నిలిచింది. ఐదేళ్ళకే అడగడం మానేసి ఉంటే వేరే తీర్మానానికి వచ్చేవాళ్ళం.

ఈ అడగడం అనే అలవాటును వైద్యానికి నేర్పబోయినవాడు భుజవైద్యుడే కావడం విశేషం. బోస్టన్‌కు చెందిన ఎర్నెస్ట్ కోడ్‌మన్ 1911లో రొటేటర్ కఫ్ మరమ్మతు గురించి ప్రచురించాడు. ప్రతి రోగినీ కనీసం ఏడాది తరువాత పిలిచి ఎలా ఉన్నాడో నమోదు చేయాలన్నాడు. తాను పనిచేసే పెద్దాసుపత్రి ఒప్పుకోకపోతే 1914లో రాజీనామా చేశాడు. తన సొంత చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చికిత్స పొందిన 337 మంది ఫలితాలను, అందులో దొర్లిన 123 పొరపాట్లతో సహా అచ్చువేశాడు. తోటివారు వెలివేసినంత పని చేశారు. 1940లో చనిపోయాడు. సమాధి మీద ఆయన పేరు చెక్కిన రాయి 2014లో గానీ వెలవలేదు.

ఇప్పుడు అడగడానికి ప్రశ్నావళులున్నాయి. 1996లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోరులో 12 ప్రశ్నలు. కత్తీ ఫోర్కూ ఒకేసారి పట్టుకోగలరా, బీరువాలో బట్టలు తగిలించగలరా అని అడుగుతుంది. ఇంగ్లండు ఇంటికి సబబైన ప్రశ్నలే. మన ఇంట్లో అయితే జడ వేసుకోగలుగుతున్నావా, చీర కొంగు భుజం మీదికి తీసుకోగలుగుతున్నావా, అటక మీది డబ్బా అందుతోందా, ఆ పక్కకు తిరిగి నిద్ర పడుతోందా అని అడగాలి. తాపీమేస్త్రీని మళ్ళీ పనిలోకి వెళ్ళావా, పూర్తి కూలి వస్తోందా అని అడగాలి. వీటికి జవాబు ఎమ్మారై ఫిల్ములో దొరకదు.

మరో సంగతి. మరమ్మతు తరువాత సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి పట్టీలో ఉంటుంది. ఆపైన నెలల తరబడి వ్యాయామం. లంగర్లకు అప్పుచేసి డబ్బు కట్టిన కుటుంబం ఈ దశకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనబడవు. భుజం బిగుసుకుపోయిన మనిషి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు. అతను రాలేదు కనుక బాగున్నాడనే అక్కడివారు అనుకుంటారు.

కనుక ఆపరేషన్‌కు ఒప్పుకొనేముందు ఒక్క ప్రశ్న అడగమని పాఠకమిత్రులకు నా మనవి. "డాక్టరుగారూ, నాలాంటి చిరుగుకి మీరు పోయినేడు ఆపరేషన్ చేసినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు?" లెక్క చూసి చెప్పగలిగిన వైద్యుడు దొరికితే అదృష్టం. అందరూ అడగడం మొదలుపెడితే, లెక్క రాసుకోవడమూ మొదలవుతుంది.