చెరువు కట్ట మీద ఎవరూ అడగని ప్రశ్న



పిల్లలూ, మన నెల్లూరులో నీళ్లు కనబడితే చాలు, ఫ్లాటు ధర పెరుగుతోంది. బాల్కనీలోంచి స్వర్ణాల చెరువును ఫొటో తీసి స్టేటస్ పెడుతున్నారు. సంతోషమే. ఆ ఫొటోలో పడని సంగతి ఒకటి రాస్తున్నా.

ఇది పేటల ఊరు. పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి, కోటమిట్టలో మసీదు, మూలాపేటలో వేదపాఠశాల, స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ కొట్లు. 1840లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టులు కూడా ఇక్కడే నిలబడ్డారు. అందరం కలిసిమెలిసి బతికామని కోతలు కోయను. ఎవరి పేట వాళ్లదే, పక్కింట మంచినీళ్లు ముట్టనివాళ్లూ ఉన్నారు. అయినా నీళ్లకు రేవుకు వెళ్లక తప్పేది కాదు, అక్కడ మొహాలు చూసుకోకా తప్పేది కాదు.

ఆ తప్పనిసరి ఇవాళ ఒక్క స్వర్ణాల చెరువు కట్ట మీది బారాషహీద్ దర్గా దగ్గర మిగిలింది. అక్కడ జరిగే రొట్టెల పండుగకు చాకలి దంపతుల కలే మూలమని కథ. వాళ్లకు కలలో కనిపించిన వీరుల సమాధి మట్టితో ఆర్కాటు నవాబు బేగం జబ్బు నయమైందట. నిజమెంతో నాకనవసరం. మొహర్రంలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ‘పెళ్లి రొట్టె ఎవరికి? ఉద్యోగం రొట్టె ఎవరికి?’ అని కేకలేస్తారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, తీరాల్సినవాళ్లు తీసుకుని తింటారు. విదేశాల రొట్టె కూడా ఉంది, మీలో కొందరు తిన్నవాళ్లే! ఇచ్చినవాళ్ల కులమేదని ఎవరూ అడగరు.

అదే కట్ట దిగి రెండు వీధులు నడిస్తే టులెట్ బోర్డు. ఫోన్ చేస్తే ముందు ‘మీరేమిట్లండీ?’ అంటారు, అద్దె సంగతి తర్వాత. పాత పేటల్లో గోడలు అందరికీ తెలిసినవే. కొత్త అపార్ట్‌మెంట్ గోడ మాత్రం ఫోన్ ఎత్తాకే తగులుతుంది. నాకు ఇదే ఎక్కువ అసహ్యం.

ఇక పెన్న వైపు. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ గేట్లెత్తితే భగత్‌సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తిన వాళ్లలో మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మ ఉండొచ్చు, మీ ఆటో అన్న ఉండొచ్చు. నది పక్కన వాళ్లుంటే ఆక్రమణ, మనం కొంటే ‘రివర్ వ్యూ’!

మీ అసోసియేషన్ మీటింగులో అద్దె షరతులు చర్చకొస్తాయి. వాచ్‌మన్ జీతం దగ్గర గొంతెత్తినట్టే అక్కడా ఎత్తండి. పెద్దవాళ్లు కోప్పడతారు. నా పేరు చెప్పండి, పడతాను.

మీ తాతయ్య