నీళ్లు పోసే ముందు అడుగుదాం

స్త్రీ శరీరం మీద హక్కు ఆ స్త్రీదేనని మనం ఎన్నో ఏళ్లుగా అంటున్నాం. అత్యాచారాల గురించి, బలవంతపు ఆపరేషన్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మనకి స్పష్టంగానే ఉంటుంది. కానీ డిమెన్షియా వచ్చి మనుషుల్ని గుర్తుపట్టలేని ఎనభై ఏళ్ల అవ్వ, ఒంటిమీది చీర లాగేస్తుంటే గుప్పిట్లో బిగించి పట్టుకుని అరిచినప్పుడు, ఆ అరుపు మనకి 'వద్దు' అన్నట్టు వినిపించదు. మొండితనంగానో పిచ్చిగానో వినిపిస్తుంది. మతి తప్పిన మనిషికి ఇష్టాయిష్టాలు ఉండవని మనం కూడా నమ్ముతున్నామా?

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో, సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో, ఇది నాలుగు గోడల మధ్య ఉండిపోయిన సమస్య. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే కాన్పుకో ఆపరేషన్‌కో వెళ్లే చోటు. ముసలివాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు కాదు. పనుల్లేని కాలంలో కుటుంబాలు పత్తి, మిరప కోతలకి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ముసలివాళ్లు ఇంటి దగ్గర మిగిలిపోతారు. వాళ్లకి నీళ్లు తెచ్చేది, కాచేది, పోసేది కోడలో, కూతురో, బడి మానిపించిన మనవరాలో. కొడుకు ఇంట్లోనే ఉన్నా ఆ చెంబు అతని చేతికి రాదు. తల్లి ఒళ్లు చూడకూడదు కదా అంటారు. తండ్రికైనా అతను పోస్తాడా అంటే అదీ లేదు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని అంచనా వేసింది. మగవాళ్లలో కన్నా స్త్రీలలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఇది ఎక్కువ. చదువు లేకపోవడం ఈ జబ్బు ముప్పుని పెంచే కారణాల్లో ఒకటని పరిశోధకులు చెబుతున్నారు. చిన్నప్పుడు ఆడపిల్లకి నిరాకరించిన బడి ముసలితనంలో ఇలా కూడా లెక్క తేలుతోంది.

స్నానం దగ్గరే ఇంత గొడవ ఎందుకు? ఆమె వైపు నుంచి చూద్దాం. ఎవరో తెలియని మనిషి వచ్చి బట్టలు విప్పుతోంది. ఎందుకో అర్థం కాదు. చలి. అరిగిన మోకాళ్ల మీద నిలబెడుతున్నారు. నెత్తిమీద హఠాత్తుగా నీళ్లు పడితే ఊపిరాడదు. మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్లు జన్మలో ఎప్పుడూ పూర్తిగా బట్టలు విప్పి స్నానం చేసి ఎరగరు; లంగా రొమ్ముల మీదికి కట్టుకునే నీళ్లు పోసుకుంటారు. అలాంటి మనిషిని ఆశ్రమాల్లో నగ్నంగా వరసలో కూర్చోబెట్టి గొట్టంతో నీళ్లు పడితే ఆమె కొట్టక, కొరకక ఏం చేస్తుంది? తన్ను తాను కాపాడుకుంటోంది.

దీనికి మార్గం లేకపోలేదు. అమెరికాలో ఆరెగాన్, నార్త్ కరోలినా రాష్ట్రాల నర్సింగ్ హోముల్లో జరిగిన ఒక అధ్యయనం 2004లో ప్రచురితమైంది. మనిషి అలవాటునీ ఇష్టాన్నీ బట్టి స్నానం చేయించినప్పుడు, లేదా ఒంటిమీద దుప్పటి కప్పి ఉంచే గోరువెచ్చని తడిగుడ్డలతో తుడిచినప్పుడు, కొట్టడం, తిట్టడం వంటివి సగానికి పైగా తగ్గాయి. తడిగుడ్డ స్నానానికి అదనపు సమయం పెద్దగా పట్టలేదు. ఇష్టాన్ని బట్టి చేయించిన స్నానానికి అదనంగా పట్టింది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే.

ఇందులో మనకి అందనిదేమీ లేదు. లంగా ఉండనివ్వండి, దాని కిందే చెయ్యి పెట్టి కడగవచ్చు. పీట మీద కూర్చోబెట్టండి. నీళ్ల వేడి ఆమె చేతి మీద పోసి చూపించండి. కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. తల చివరికి, లేదా మరో రోజుకి. "అవ్వా, చెయ్యి తుడుస్తా" అని ప్రతి పనికీ ముందు చెప్పండి. ఒక చెంబు ఆమె చేతికే ఇవ్వండి. శుక్రవారం తలంటుకునే అలవాటుంటే ఆ రోజే తలంటండి. వద్దంటే ఆపండి, కాసేపాగి మళ్లీ అడగండి. ప్రతి రోజూ నిండా స్నానం చేసి తీరాలన్న నియమం ఆమె ఆరోగ్యం కోసం కన్నా మన మర్యాద కోసమే ఎక్కువ.

అయితే ఈ సలహాలన్నీ మళ్లీ కోడలి నెత్తిన, ఆయా నెత్తిన మరో బరువు కాకూడదు. ఉదయం పూట ఒక్కతే పదిహేను మందికి స్నానం చేయించాల్సిన ఆయాని ఓపిగ్గా ఉండమనడం అన్యాయం. తక్కువ జీతానికి ఈ పనిలోకి వచ్చేది ఎక్కువగా దళిత, పేద స్త్రీలే. కొడుకు పేరు మరిచిపోయిన ముసలామె కులం పేరుతో తిట్టడం మరవకపోవచ్చు. జబ్బు మనిషి కదా అని ఆయాని సర్దుకుపొమ్మంటారు. ముసలామె గౌరవం కోసం ఆయా గౌరవాన్ని బలిపెట్టలేం. తిట్లు పడుతున్న చోట మనిషిని మార్చడం, జంటగా పంపడం, విశ్రాంతి ఇవ్వడం యాజమాన్యం బాధ్యత.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని చెప్పింది. జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం గురించి కూడా చెప్పింది. ఒంటిమీద చెయ్యి వేసే తీరు గురించి చెప్పలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం ఏకాంతాన్నీ, శరీరం బయటపడకుండా తగిన బట్టలనూ హక్కుగా రాసింది. కానీ అది మానసిక ఆరోగ్య సంస్థల్లో ఉన్నవాళ్లకి. మామూలు ఆశ్రమంలో ఉన్న అవ్వకి, ఇంట్లో ఉన్న అవ్వకి ఆ రక్షణ ఎవరిస్తారు?

వృద్ధాశ్రమాల ప్రమాణాల్లో స్నానం చేర్చమని మనం అడగాలి. స్త్రీలకి స్త్రీలే స్నానం చేయించాలి, తెర ఉండాలి, ఒక ఆయాకి ఇంతమందేనన్న లెక్క ఉండాలి. పింఛను ప్రతినెలా ఇంటికి తెచ్చి ఇవ్వగలిగిన ప్రభుత్వం, వారంలో కొన్ని గంటలు జీతం ఇచ్చి శిక్షణ పొందిన సహాయకురాలిని కూడా పంపగలదు. మన సంఘాలు గ్రామ సమావేశాల్లో ఈ విషయం ఎత్తాలి, మగవాళ్లని కూడా కూర్చోబెట్టి నేర్పాలి. ఇది మన సంగతి కాదనుకునే వీలు మనలో ఎవరికీ లేదు. ఈ రోజు చెంబు పట్టుకున్న చాలామందిమి రేపు ఆ పీట మీద కూర్చునేవాళ్లమే.