పారిస్ నగరమున రెండు దినములు



చదువుకొరకు విదేశమున నున్న బిడ్డ సెలవుదినములలో ఒక మహానగరమును చూచి వచ్చినచో, ఇంటనున్న తల్లి మొదట అడుగు ప్రశ్న "బాగున్నదా?" అనునది. ఆ యడుగు స్వరములోనే జవాబును ఇమిడియుండును. బిడ్డ దానిని గ్రహించి "చాల బాగున్నదమ్మా" యని చెప్పును. డబ్బు వ్యయమైనది, శ్రమయు అయినది, ఛాయాచిత్రములు బంధువులందరును చూచినారు. ఇక బాగుండలేదని యెట్లు చెప్పుట? బాగుండని ప్రయాణమును గూర్చి చెప్పుకొనుటకు మన యిండ్లలో చోటు తక్కువ. ఈ మాసమున ఈ విషయమును గూర్చియే ముచ్చటింప దలచితిని. చూచుటకు చిన్నదే కాని, దీని వెనుక పెద్ద సంగతి యొకటి కలదు.

మా చెల్లెలి కుమార్తె జర్మనీ దేశమున కొలోను నగరమునందు ఇంజనీరింగు పై చదువు చదువుచున్నది. ఆ దేశమునకు పోవు విద్యార్థులు సామాన్యముగా ఒక సంవత్సరపు పోషణకై 11,904 యూరోలు అచ్చటి ఖాతాలో ముందుగా నిలువయుంచి, నెలకు 992 యూరోల చొప్పున తీసికొనుచుందురు. గది యద్దె, భోజనము, ఆరోగ్య భీమా, అన్నియు దానిలోనే. ఆ చాలీచాలని సొమ్ములో మూడునెలలు మిగిల్చి, ఆ బాలిక మొన్న నవంబరు మాసమున ముగ్గురు స్నేహితురాండ్రతో కలసి పారిస్ నగరమునకు పోయినది. తల్లికి ఫోటోలు పంపినది. అందరును నవ్వుచున్న ఫోటోలే. కొన్నాళ్ళకు నాతో ఫోనులో మాటలాడుచు, "పెద్దమ్మా, అమ్మతో అనకు గాని, నాకు అక్కడ ఏడుపొచ్చింది" అనినది. ఇప్పుడు తల్లికి కూడ తెలిసినది గనుకను, ఆ బాలిక సమ్మతించినది గనుకను ఇచ్చట వ్రాయుచున్నాను.

గొప్ప ఆపద యేదియు జరుగలేదు. ఖర్చు తగ్గునని శుక్రవారము రాత్రి బస్సులో బయలుదేరిరి. నిద్ర లేదు. తెల్లవారి వానలో దిగిరి. బసలో మధ్యాహ్నము మూడు గంటలకుగాని గది యీయమనిరి. సంచులు మోసికొనుచు ఈఫిలు గోపురమునకు పోయిరి. 1889లో కట్టిన ఆ గోపురము ఎత్తు నేడు 330 మీటర్లు. గాలి హెచ్చుగా నుండుటచే ఆ దినమున కొన యంతస్తునకు ఎవ్వరిని పోనీయలేదు. ఆకలిగొని హోటలు వెదకునప్పటికి రెండున్నర దాటినది. ఆ నగరమున పెక్కు భోజనశాలలు మధ్యాహ్న భోజనమైన తరువాత వంటయిల్లు మూసి, మరల సాయంకాలము ఏడు గంటలకు తెరచును. శాకాహారియగు మా పిల్లకు చల్లని రొట్టెయు జున్నుముక్కయు దొరకినవి.

నలుగురిలో ఒకతెకు షాంజెలిజే వీధిలోని అంగళ్ళు చూడవలెనని యుండెను. ఒకతెకు అడుగడుగున ఫోటో కావలెను. ఒకతెకు నిద్ర కావలెను. మా పిల్లకు చిన్నతనమునుండి లూవ్రు చిత్రశాల చూడవలెనని కోరిక. ఎవ్వరును తమ కోరిక చెప్పలేదు. అడిగినప్పుడెల్ల నలుగురును "మీ ఇష్టమే నా ఇష్టం" అనిరి. ఈ మాట మర్యాదగా నుండును గాని, నలుగురును దీనినే పలికినచో నలుగురికిని ఇష్టము లేని చోటికి పోవుట తప్పదు. శనివారము సాయంకాలమంతయు తడిసిన పాదరక్షలతో అంగడినుండి అంగడికి తిరిగిరి. ఒకతె విసుగుకొన్నది, ఒకతె అలిగినది. రాత్రి గదిలో మాటలు లేవు.

ఆదివారము లేచునప్పటికే ఆలస్యమైనది. లూవ్రులో వారికి మిగిలినది రెండుగంటలు. జనప్రవాహము ఎటు పోవుచుండెనో అటే పోయి మోనాలిసా యెదుట నిలిచిరి. ఆ చిత్రము 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల చిన్న పలక. ముందు అద్దము, అద్దమునకు దూరముగా అడ్డుకట్ట, దానికి ఇవతల వందలాది చేతులలో ఫోనులు. కావలివారు ముందునకు కదలుడని తొందరపెట్టిరి. "ఇంతేనా?" అనిపించెనట. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుండగా కన్నీరు వచ్చెనట. ఆ సమయముననే స్నేహితురాలు ఫోటో తీయగా నవ్వవలసివచ్చినది. ఆ ఫోటోనే మా చెల్లెలు నాకు మొదట చూపినది.

ఇందు తప్పు పారిస్ నగరముది కాదు. ఇరువది లక్షలకు పైబడిన జనులు తమ పనులు తాము చేసికొనుచు బ్రతుకు ఊరది. మన చిత్తములోని బొమ్మను నిలబెట్టుట దాని పని కాదు. పటములలోను చలనచిత్రములలోను వేయిమార్లు చూచినదానినే మరల చూడబోయినచో, కంటికి క్రొత్తగా దొరకునది తోపులాట యొక్కటే. ఈ ఆశాభంగమునకు వైద్యులు సైతము పేరు పెట్టినారు. పారిస్‌లో పనిచేసిన హిరోఆకి ఓతా అను జపానీయ మానసిక వైద్యుడు, అచ్చటికి వచ్చి మనస్సు చెదరిన తన దేశీయులను 1980ల కాలమున పరీక్షించి, దానిని "పారిస్ వ్యాధి" యని వ్యవహరించెను. చికిత్స అవసరమగువారు బహుకొద్దిమందియే. దాని నీడ మాత్రము మా పిల్లవంటి పెక్కురపై పడుచుండును.

మరియొక సంగతి. మోనాలిసా యున్న గదిలోనే, సరిగా దాని కెదుటి గోడపై, ఇటలీ చిత్రకారుడు వెరొనేసే 1563లో ముగించిన పెండ్లివిందు చిత్రము కలదు. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల ఎత్తు. లూవ్రులోని వర్ణచిత్రము లన్నింటిలో పెద్దది అదియే. విందారగించువారు, వడ్డించువారు, వాద్యములు వాయించువారు, కుక్కలు, పిల్లులు, ఒక ఊరు ఊరంతయు అందున్నది. మోనాలిసాకై నిలిచినవారి వీపులు దానివైపే యుండును. మా పిల్లయు వెనుదిరిగి చూడలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట పుస్తకమున చదివి తెలిసికొన్నది.

కావున యాత్రకు పోవు బాలికలకు రెండు మాటలు. బయలుదేరుటకు ముందే ఒక్కొక్కరు తమకు తప్పక కావలసిన దానిని ఒక్కటి చెప్పవలెను. దానికి ఒక పూట కేటాయింపవలెను. ఇష్టము లేనివారు ఆ పూట వేరుగా పోయి సాయంకాలము కలసికొనవచ్చును. విడివిడిగా తిరిగినంత మాత్రమున స్నేహము చెడదు. మనసులో దాచుకొని వెంట నడచినచో చెడును. రెండవది, రెండు దినములలో చూడదగినది రెండు మూడు చోట్లు మాత్రమే. లూవ్రునకు మంగళవారము సెలవు. యూరపు సమాఖ్య దేశములలో నివసించు 26 ఏండ్లలోపు వారికి అచ్చట రుసుము లేదు గాని, వేళను ముందుగా నిర్ణయించుకొనవలెను. 2019 అగ్నిప్రమాదము తరువాత 2024 డిసెంబరులో మరల తెరచిన నోత్రదాం దేవాలయమునందును ప్రవేశము ఉచితమే. పెతి పాలె చిత్రశాలలోను, ఆ నగరచరిత్రను చూపు కార్నవాలె భవనములోను శాశ్వత ప్రదర్శనలకు రుసుము లేదు.

ఈ కార్నవాలె భవనమును గూర్చి తల్లులకు చెప్పవలసినది కొంత కలదు. 1677 మొదలు 1696లో మరణించువరకు మదాం ద సెవిన్యె అను వితంతువు ఈ గృహమును అద్దెకు తీసికొని యుండెను. ఆమె కుమార్తె 1671లో భర్తయున్న దక్షిణపు సీమకు తరలిపోయెను. నాటినుండి తల్లి కూతునకు వ్రాసిన జాబులు ఫ్రెంచి సాహిత్యమున శాశ్వతస్థానము పొందినవి. వానిలో రాజసభా వార్తలున్నవి, ప్రయాణపు అలసట లున్నవి, కూతురు దగ్గర లేదను దుఃఖము దాపరికము లేక యున్నది. తల్లియే తన కష్టమును చెప్పుకొనినప్పుడు బిడ్డకు చెప్పుట తేలికయగును.

మా యింట జరిగినదియు నట్టిదే. నేను బ్రతిమాలగా ఆ బాలిక తల్లితో ఉన్నదున్నట్లు చెప్పినది. మా చెల్లెలు కొంతసేపు మాటలాడక యుండి, తన పెండ్లియైన క్రొత్తలో ఊటీకి పోయి మూడు దినములు మంచు తప్ప మరేమియు చూడక, జలుబుతో తిరిగి వచ్చిన కథ చెప్పినది. ఇన్నేండ్లలో ఆ కథ మాకెవ్వరికిని తెలియదు. తల్లియు బిడ్డయు ఫోనులోనే పగలబడి నవ్విరి. నవ్వు ఆగిన పిమ్మట బిడ్డ మెల్లగా, "అమ్మా, ఇంకొకటి. నాకో పరీక్ష పోయింది" అనినది. రెండునెలలుగా దాచిన సంగతి యది. జర్మనీ విశ్వవిద్యాలయములలో పెక్కింట ఒక్కొక్క పరీక్షను ఇన్నిమార్లే వ్రాయవలెనను నియమము కలదు. అది దాటినచో ఆ చదువే ఆగిపోవును. ఈమె కింకను రెండవ అవకాశము ఉన్నది. ఇప్పుడు రాత్రులు ఆ పాఠములే చదువుచున్నది. మా చెల్లెలు వారమునకు రెండుమార్లు ఫోను చేసి మందలింపక వినుచున్నది.

సోదరీమణులారా, దూరమున నున్న బిడ్డ మనకు మొదట దాచునది చిన్న సంగతియే. వానలో తడిసిన ప్రయాణమును మనము వినలేనిచో, తప్పిన పరీక్షను, చేతిలో లేని సొమ్మును, దేహమున లేని ఆరోగ్యమును మనకు చెప్పుటకు వారికి ధైర్యమెట్లు వచ్చును? ఈసారి బిడ్డ ఊరు చూచి వచ్చినప్పుడు "బాగున్నదా?" యని అడుగకుడు. ఏమి తింటివి, ఎచ్చట పడుకొంటివి, కాళ్ళు నొచ్చినవా, యని అడుగుడు. తరువాత మీరు కొంతసేపు ఊరకుండుడు.