తడి ఇసుకకు తరుగు లేదా?

వరంగల్ : ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తెచ్చిన రైతుకు మొదట ఎదురయ్యే ప్రశ్న తేమ ఎంత అన్నదే. కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లలో నాణ్యత ఉన్న పత్తికి 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర లభిస్తుంది. ఆపైన 12 శాతం వరకు ధరలో కోత పడుతుంది. అదీ మించితే సరుకు తీసుకోరు. అదే రైతు పత్తి డబ్బుతో ఇంటికి స్లాబు వేయబూనినప్పుడు తడి ఇసుకను పూర్తి ధరకు కొంటున్నాడు. అక్కడ తరుగు మాట ఎవరూ ఎత్తడం లేదు.

గోదావరి ఇసుక చిల్లరగా కొనేవారి ఇంటి ముందు ట్రాక్టరు తొట్టి కొలతపై దిగుతుంది. తడి ఇసుక పొంగుతుంది. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని ఎడంగా నిలుపుతుంది. 5, 6 శాతం తేమకే 20 నుంచి 30 శాతం పొంగడం మామూలే.

లెక్క చూద్దాం. 1,000 చదరపుటడుగుల స్లాబు 5 అంగుళాల మందం వేస్తే సుమారు 417 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి. 1:1½:3 పాళ్లలో ఇందుకు సుమారు 95 బస్తాల సిమెంటు, 175 ఘనపుటడుగుల ఇసుక, 350 ఘనపుటడుగుల కంకర పడతాయి. ఇది పొడి ఇసుక లెక్క. 25 శాతం పొంగిన ఇసుక 175 దింపుకుంటే అసలు సరుకు 140 మాత్రమే. మిగతా 35 గాలికి కట్టిన ధర.

మేస్త్రీ చదరపుటడుగుకు ఇంత అని చెప్పే అంచనాలో ఈ లోటు కనిపించదు. స్లాబు నాడు బయటపడుతుంది. తట్టల లెక్క తప్పకపోయినా కాంక్రీటు తగ్గి చివరి మూల మిగిలిపోతుంది. మరో ట్రాక్టరు వచ్చేదాకా పని ఆగితే పాత కాంక్రీటుకు, కొత్తదానికి మధ్య అతుకు పడుతుంది. వానకు కారేది అక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అదనపు బస్తాలు కొనవలసి వస్తే ఆ వెసులుబాటు కాస్తా అక్కడే హరించుకుపోతుంది.

పరీక్ష కష్టమైనది కాదు. నిలువు గాజు సీసాలో 20 సెంటీమీటర్ల ఎత్తు తడి ఇసుక వదులుగా పోసి, నీటితో ముంచి పుల్లతో కలపాలి. ఇసుక 16కు దిగితే పొంగు 25 శాతం అన్నమాట. ఆ మేరకు ఎక్కువ కొలత అడగడం కొనేవారి హక్కు. వాన కురవడం అమ్మేవారి తప్పు కాకపోవచ్చు. అయితే పత్తికి ఒక న్యాయం, ఇసుకకు మరొకటి ఉండరాదు.