చప్పట్ల కోసమేనా మన సభ్యత్వం?

ఈమధ్య ఒక పార్టీ రాష్ట్ర మహాసభకి వెళ్లాను. పరిశోధకురాలిగా ఓ మూల కూచుని రాసుకుని రావడానికి కాదు. ఆ పార్టీ సాధారణ సభ్యురాలిగా, మా మండల ప్రతినిధిగా, మెడలో బ్యాడ్జీ వేసుకుని, తెల్లవారుజామున మూడింటికి మిగతా ఆడవాళ్లతో కలిసి బస్సెక్కి వెళ్లాను. ఏ పార్టీ అని అడుగుతారేమో. చెప్పను. పేరు చెబితే మిగతా పార్టీలవాళ్లు 'మా దగ్గర అలా ఉండదు' అని చేతులు దులుపుకుంటారు. వాళ్లకా అవకాశం ఇవ్వడం నాకిష్టం లేదు.

బస్సులో సగంమంది పార్టీ సభ్యులు. మిగతా సగం పొదుపు సంఘాల ఆడవాళ్లు. 'రాకపోతే లోను ఆపుతమన్నరక్కా' అంది నా పక్కన కూచున్నావిడ. వెనక సీట్లో మా ఊరి వార్డు సభ్యురాలు, దళిత స్త్రీ, ఒక కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి జాగ్రత్తగా పట్టుకుంది. ఊళ్లో బెల్టు షాపులు మూసేయాలని ఆడవాళ్లు కూచుని రాసుకున్న తీర్మానం అది. కింద 62 మంది సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. 'సభల చదివిస్తరా అక్కా?' అని అడిగింది. 'ఎందుకు చదివించరు? మనం ప్రతినిధులం కదా' అన్నాను. సోషియాలజీలో డాక్టరేటు తీసుకున్న నేను ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మైదానంలో ముందు మమ్మల్నే ముందు వరసల్లో కూచోబెట్టారు. కెమెరాలు వచ్చి వెళ్లాయి. ఆ తర్వాత నాయకుల అనుచరులు దిగారు. 'అమ్మా, కొంచెం వెనక్కి జరగండి' అంటూ మమ్మల్ని బారికేడ్ల అవతలికి పంపారు. వేదిక మీద మొదటి వరసలో స్త్రీలు ఇద్దరే. వేలమంది ఆడవాళ్లకి రేకులతో కట్టిన మరుగుదొడ్లు ఆరు. మధ్యాహ్నానికి వాటిలో నీళ్లు లేవు. ఎండలో కూచుని కూడా మా బస్సు ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. నెలసరిలో ఉన్న ఒకమ్మాయి రోజంతా బస్సు దిగలేదు. ఇది ఏర్పాట్లలో జరిగిన చిన్న లోపం అంటారు. కాదు. వచ్చినవాళ్లు చర్చలో పాల్గొంటారని ఎవరూ అనుకోలేదు కాబట్టే వాళ్లకీ శరీరాలుంటాయన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

ఇక తీర్మానాలు. అవి ముందే అచ్చయి ఉన్నాయి. ఒకరు ప్రవేశపెడతారు, ఇంకొకరు బలపరుస్తారు, 'ఆమోదించినట్టేనా?' అని మైకు అడుగుతుంది, చప్పట్లు పడతాయి. సవరణ ఎవరికివ్వాలో, ఎలా ఇవ్వాలో చెప్పే మనిషే లేడు. మహిళా సాధికారత మీద తీర్మానం వచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. ప్రవేశపెట్టినావిడకి ఇచ్చింది మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు అధినేతకి కృతజ్ఞతలు చెప్పడానికే సరిపోయాయి. ఆవిడని నేను తప్పుపట్టను. ఆ రెండు నిమిషాలు చెల్లిస్తేనే మూడో నిమిషం దక్కుతుందని ఆవిడకి తెలుసు.

మా వార్డు సభ్యురాలు కాగితం పట్టుకుని వేదికదాకా వెళ్లింది. వాలంటీరు ఆపి, 'ఇటివ్వమ్మా, అన్నకి అందజేస్తాం' అన్నాడు. కాగితం మడతపడి అతని చొక్కా జేబులోకి వెళ్లింది. తిరుగు ప్రయాణంలో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, 'సప్పట్లు కొట్టనీకి పిలిచిన్రు అక్కా, మాట్లాడనీకి గాదు' అంది.

పార్టీ లోపలి సంగతి పార్టీ సొంత వ్యవహారమనే వాదన ఒకటుంది. దీన్ని మనం ఒప్పుకోకూడదు. రాజ్యాంగానికీ ప్రజాస్వామ్యానికీ కట్టుబడి ఉంటామని రాసిస్తేనే ఎన్నికల కమిషన్ దగ్గర పార్టీ నమోదవుతుంది. ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ 1989 నుంచీ చెబుతున్నది ఇదే. ప్రజాస్వామ్యం అంటే గేటు బయట పాటించి గేటు లోపల మర్చిపోయేదా?

స్త్రీలకి అనుభవం లేదన్నది ఇంకో వాదన. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతుతో మొదలై, మన దగ్గర ఆ కోటా సగానికి చేరింది. ఇన్నేళ్లుగా వేలాది స్త్రీలు ఊళ్లని నడిపారు. ఆ మెట్టు దాటగానే ఎదురయ్యేది పార్టీ గుమ్మం. తెలంగాణలో 2023 ఎన్నికల్లో 119 స్థానాల్లో గెలిచిన స్త్రీలు 10 మంది. రాష్ట్రం ఏర్పడిన 2014 నుంచి 2019 సెప్టెంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఇది అనుభవం లేకపోవడమా, గుమ్మం మూసి ఉండడమా?

1996లో పార్లమెంటులో పెట్టిన మహిళా బిల్లు 2023లో గానీ చట్టం కాలేదు. లోక్‌సభలో 454 మంది అవుననీ ఇద్దరే కాదనీ ఓటేశారు. అయినా దాని అమలుని జనాభా లెక్కలకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. అంత ఏకాభిప్రాయం ఉన్నవాళ్లకి చట్టం దేనికి? 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ టికెట్లలో 7 స్త్రీలకిచ్చింది. ఏ చట్టమూ అడ్డుపడలేదు.

రాత్రింబవళ్లు పార్టీ పనిమీద తిరిగే స్త్రీలకి వేధింపులెదురైతే? 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ పెట్టాల్సిన బాధ్యత పార్టీలకి లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అక్కడ యజమాని, ఉద్యోగి సంబంధం లేదన్నది కారణం. ఆ తీర్పుని సవాలు చేసిన పిటిషన్‌ని 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన శ్రమ పార్టీకి కావాలి. ఆ శ్రమ చేసే చోటు మాత్రం పనిచోటు కాదు!

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ఏ మహాసభా వాళ్లకి మైకు ఇవ్వలేదు. వాళ్లే బయటినుంచి పార్టీల మెడలు వంచారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఎత్తేయాలని నిర్ణయించిన గదిలో ఆ ఆడవాళ్లు లేరు. బయటి పోరాటం ఎంత అవసరమో లోపలి చోటూ అంతే అవసరమని చెప్పే పాఠం అది.

అందుకే పార్టీల్లో ఉన్న స్త్రీలు, ఏ జెండా కింద ఉన్నా సరే, కొన్నిటిని గట్టిగా అడగాలి. మహిళా విభాగం పేరుతో పక్కగది వద్దు. మండలం నుంచి రాష్ట్రందాకా ప్రతి కమిటీలో సగం స్థానాలు కావాలి, అందులో దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ స్త్రీల వాటా రాసి ఉండాలి. తీర్మానాల ముసాయిదా నెలముందే గ్రామశాఖకి చేరాలి. కింది నుంచి వచ్చిన ప్రతి తీర్మానాన్నీ చదివి, ఒప్పుకున్నారో తోసిపుచ్చారో మినిట్స్‌లో రాయాలి. కోర్టులు బలవంతపెట్టకపోయినా పార్టీలు తమంతట తామే ఫిర్యాదుల కమిటీలు వేసుకోవాలి. లోను బూచి చూపి ఆడవాళ్లని బస్సులెక్కించడం ఆపాలి.

ఆ కాగితం ఏ జేబులో నలిగిపోయిందో ఏమో. నకలు మా ఊళ్లో ఉంది. మొన్న మళ్లీ కూచున్నప్పుడు సంతకాలు 90 దాటాయి. ఈసారి దాన్ని ఎవరి చేతికీ ఇవ్వమని తీర్మానించారు. మైకు ఇస్తే చదువుతారట. ఇవ్వకపోతే మైదానంలోనే నిలబడి, మైకు లేకుండానే చదువుతారట.