అక్క కమ్మలు, తమ్ముడి పుస్తకాలు

పోయిన భాగంలో మా ఇంట్లో రాత్రి చదువుల గురించి రాశాను. తొమ్మిదేళ్ళ పెద్దోడు, ఆరేళ్ళ చిన్నోడు, నేను, అన్నాలయ్యాక అరగంట పుస్తకం ముందు కూర్చుంటామని చెప్పాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒక చెల్లెలైతే "ఆదర్శ తల్లి" అంది. ఆ మెప్పు ఇంకా చల్లారకముందే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది దాచుకుని ఈ వరస కొనసాగిస్తే మీకు అబద్ధం చెప్పినట్టే.

మా అక్క ఊరి నుంచి వచ్చింది. రాత్రి అన్నం తిని పెద్దోడు కంచం అక్కడే వదిలేసి లేచాడు. నేను కేకేసే లోపే అక్క తీసేసింది. కాసేపటికి చిన్నోడు బొమ్మల పుస్తకం తెచ్చి "పెద్దమ్మా, ఇవాళ నువ్వు చదువు" అని ఒళ్ళో పెట్టాడు. "నాకు రాదు నాన్నా" అని నవ్వింది. పెద్దోడు పక్క నుంచి అందుకున్నాడు. "పెద్దమ్మకి చదువు రాదురా. ఆమెకేం తెలుసు?"

అక్క నవ్వుతూనే ఉంది. నా చేతులు చల్లబడ్డాయి.

ఈ మాటన్న పిల్లాడు ఎవరనుకున్నారు? మహద్ చెరువు గురించి ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలడు. 1927లో బాబాసాహెబ్ వేలమందితో వెళ్ళి ఆ చెరువు నీళ్ళు తాగాడని మొన్న ఏప్రిల్ 14న స్టేజీ ఎక్కి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇంకొకరి ఇంట్లో మనకి గ్లాసు వేరుగా పెడితే అది అవమానమని వాడికి తెలుసు. మన ఇంట్లో ఆడమనిషి మన ఎంగిలి కంచం తీస్తే అది ఏమిటో తెలియదు. తప్పు వాడిదా? కాదు. వాడికి సగం పాఠమే చెప్పాను.

ఆ సగం పాఠం చెప్పడానికి కూడా ఎంత పోరాడాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. మా స్టాఫ్ రూంలో ఒక సహోద్యోగి ఎప్పుడూ అంటారు: "పసిపిల్లలకి ఇప్పట్నుంచే కులం ఎందుకు మేడం? హాయిగా పంచతంత్రం చదివించండి, చందమామ చదివించండి." చందమామ 1947లో మొదలైంది. నేనూ వాటితోనే పెరిగాను, ఆ బొమ్మల మీద ప్రేమ నాకూ ఉంది. కానీ "అనగనగా ఒక ఊళ్ళో ఒక పేద బ్రాహ్మణుడు" అని మొదలైతే అది కథ, "ఒక మాదిగ పిల్లాడు" అని మొదలైతే అది కులమా? రాజుకి కులం ఉంది, మంత్రికి ఉంది, షావుకారుకి ఉంది, కథ చెప్పే గొంతుకి కూడా ఉంది. అదంతా నీతి. మన పేట పేరు ఎత్తగానే పసితనం పాడైపోతుంది. మీ పిల్లలకి కులం తెలియకుండా పెంచగలరు, ఎందుకంటే వాళ్ళని ఎవరూ అడగరు. మా చిన్నోడిని ఒకటో తరగతిలోనే పక్కసీటు పిల్ల "మీరేంట్లు?" అని అడిగింది. ఆ పిల్లకి చెప్పినవాళ్ళు ఎవరు? వాళ్ళింట్లో మాత్రం పసితనం పాడవలేదా?

కాబట్టి మా ఇంట్లో కులం గురించి చదువుతాం. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లోని ప్రయాణం మా పెద్దోడికి దాదాపు నోటికి వచ్చు. 1901లో, సుమారు మా వాడి వయసున్న భీమ్‌రావు, అన్న, అక్క కొడుకులు కొత్త బట్టలేసుకుని కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరతారు. మసూర్ స్టేషన్లో దిగుతారు. మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టర్ వెనక్కి జరుగుతాడు. రెట్టింపు కిరాయి తీసుకుని కూడా బండివాడు పిల్లల పక్కన కూర్చోడు. బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. దారిలో తాగడానికి నీళ్ళు పుట్టవు. ఇదే కథని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు గీసిన 'భీమాయన'లో చూసి చిన్నోడు "వాళ్ళకి నీళ్ళు నేనిస్తాను" అన్నాడు. ఇదీ నేను చెప్పిన సగం.

రెండో సగం ఆ పుస్తకంలోనే ఉంది. నేనే దాటేసి చదివాను.

మంగలి ముట్టుకోడు కాబట్టి ఆ ఇంట్లో మగపిల్లల తలపని చేసింది వాళ్ళ పెద్దక్క. బాబాసాహెబే రాశాడు. మరో సంగతి ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఉంది. బొంబాయి పరేల్‌లో ఒకే ఒక్క గదిలో కాపురం. కొడుక్కి పుస్తకాల పిచ్చి. తండ్రి రాంజీ దగ్గర డబ్బుండదు. పెళ్ళయిన కూతుళ్ళ దగ్గరికి అప్పుకి వెళ్ళేవాడు. చేతిలో డబ్బు లేకపోతే ఒంటి మీది నగ తీసిచ్చేవాళ్ళు. అది కుదువపెట్టి పుస్తకం కొనేవాడు, పెన్షన్ అందాక విడిపించి ఇచ్చేవాడు. ఆ అక్కల పేర్లు మంజుల, తులసి. జయంతి సభల్లో ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నాను, ఈ రెండు పేర్లు మైకులో ఒక్కసారి కూడా వినలేదు.

నాకు ఈ కథ కొత్తదేం కాదు. మా ఇంట్లో జరిగిందే.

మా అక్క మూడో తరగతిలో బడి మానేసింది. తమ్ముణ్ణి, నన్ను చూసుకోవడానికి మొదట, తర్వాత మిరపకాయల కోతలకి. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, కోత రోజుల్లో రాత్రంతా చేతులు మండుతాయి. అక్క చేతులు చల్లటి నీళ్ళలో పెట్టుకుని కూర్చుని "ఏదైనా చదవవే" అనేది. ఆ చదివే పుస్తకాలు కూడా తను తెచ్చినవే. కూలి డబ్బుల్లోంచి పాత పేపర్ల కొట్లో చందమామలు ఏరుకొచ్చేది. అక్షరం రాదు కాబట్టి బొమ్మ చూసి ఏరేది. అక్క పెళ్ళి కమ్మలు తమ్ముడి ఇంటర్ ఫీజుకి ఒకసారి, నా యూనివర్సిటీ హాస్టల్‌కి ఒకసారి తాకట్టుకి వెళ్ళాయి. రెండోసారి తిరిగి రాలేదు.

నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేశాను. థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు రాసుకున్నాను. గైడ్ పేరుంది, లైబ్రేరియన్ పేరుంది, టైపు చేసినాయన పేరుంది. అక్క పేరు లేదు. "నా కుటుంబసభ్యులకు" అన్న మాటలో కలిసిపోయింది. మొన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ పేజీ తీసి చూసుకున్నాను. "ఆమెకేం తెలుసు" అన్న మాట నా కొడుకు ఎక్కడ నేర్చుకున్నాడో అర్థమైంది. మర్యాదగా, బైండు చేయించి మరీ ఆ మాట ముందు నేనే అన్నాను.

ఇక మన ఉద్యమ అన్నలతో ఒక మాట. కోపం తెచ్చుకోకుండా వినండి. మీ ఇళ్ళకి వచ్చాను. గోడ నిండా పుస్తకాలు, ఫూలే, పెరియార్, బాబాసాహెబ్ సంపుటాలు. 1848లో సావిత్రిబాయి, జోతిరావు పూణేలో ఆడపిల్లల బడి పెట్టారని మీరు చెప్తుంటే లోపల్నుంచి వదిన మూడోసారి టీ పెట్టి తెస్తుంది. మీ పదేళ్ళ కొడుకు కుర్చీలోంచి లేవకుండా కప్పు అందుకుంటాడు. వాడు ఆ అల్మారాలో పుస్తకం చదవకపోవచ్చు, ఆ టీ కప్పుని మాత్రం రోజూ చదువుతున్నాడు. "ముందు కులం సంగతి తేలనివ్వమ్మా, ఇంటి సంగతులు తర్వాత" అంటారు. ఎన్ని తరాల తర్వాత అన్నా? పై కులాల వాళ్ళు మనతో "ముందు స్వాతంత్య్రం రానివ్వండి, అంటరానితనం తర్వాత చూద్దాం" అన్నప్పుడు బాబాసాహెబ్ ఒప్పుకున్నాడా?

మనలో కొందరు తల్లులు కూడా అంటారు. "బయట వాడికి ఎలాగూ గౌరవం దొరకదు, ఇంట్లోనైనా రాజులా ఉండనివ్వు." ఈ ప్రేమ నాకు తెలుసు, నాలోనూ ఉంది. కానీ ఆ రాజ్యంలో పనిమనిషి ఎవరు? మనమే. రేపు వాడి పెళ్ళాం. బయట పడ్డ దెబ్బకి ఇంట్లో ఆడదాని మీద మందు రాసుకోవడం నేర్పితే, మనం పెంచేది మను శిష్యుణ్ణే.

మరి ఏం చేస్తున్నావు అంటారా? చదివే పద్ధతి మార్చాను. ఏ పుస్తకం తీసినా మా పిల్లలు ఇప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ కథలో మన పేట ఎక్కడుంది? ఈ కథలో అన్నం ఎవరు వండారు? రెండో ప్రశ్న మన సొంత పుస్తకాలకి కూడా. ముక్తా సాల్వే గురించి చెప్పాను. ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ పిల్ల, 1855లో తన జనం దుఃఖం గురించి వ్యాసం రాసి అచ్చువేయించింది. గోగు శ్యామల పిల్లల కోసం రాసిన తాటకి కథ పక్కన పెట్టుకున్నాం. మగపిల్లలకి మగ వీరుల కథలే చాలనుకున్నన్నాళ్ళూ ఆడపిల్ల తెగువ వాళ్ళకి వింతగానే ఉంటుంది.

ప్రశ్నించడం తప్పని భయపడకండి. రాంజీ పిల్లలచేత రామాయణ భారతాలు చదివించేవాడు. శూద్రుల్ని కించపరిచే ఆ పుస్తకాలు ఎందుకు చదవాలని భీమ్‌రావు తండ్రినే నిలదీశాడు. మనకి న్యూనత రాకుండా ఉండటానికి, ద్రోణుడూ కర్ణుడూ ఎంత ఎత్తుకు ఎదిగారో చూడు అన్నాడు తండ్రి. ఆ జవాబు తనకి సరిపోలేదని 1956లో 'బుద్ధుడు ధమ్మం' గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో చెప్పాడు. తండ్రి చదివించాడు, కొడుకు ఎదురడిగాడు. ఇంటి చదువు అంటే నాకు ఇదే. ఎదురు ప్రశ్న రాని ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నా అది పూజ గదే.

నిన్న రాత్రి పెద్దోడికి మంజుల, తులసి కథ చెప్పాను. తర్వాత వాళ్ళ పెద్దమ్మ కమ్మల కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరి పెద్దమ్మకి ఎవరైనా కమ్మలు అమ్మి చదువు చెప్పించారా?" జవాబు చెప్పలేకపోయాను. పొద్దున్నే వాడి కంచం వాడు కడిగాడు. దీన్ని పెద్ద విజయంగా రాయడం లేదు, సాయంత్రానికి మళ్ళీ వదిలేశాడు. మళ్ళీ చెప్పాను, రేపూ చెప్తాను.

విద్యార్థి మిత్రులారా, ముఖ్యంగా థీసిస్‌లు రాస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక్క పని చేయండి. మీ చదువుకి ఎవరి ఒంటి మీది నగ తాకట్టుకి వెళ్ళిందో, ఎవరు బడి మానేశారో ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆ మనిషిని "కుటుంబసభ్యులు" అనకుండా పేరు పెట్టి రాయండి. నా థీసిస్ పుస్తకంగా వేసే రోజున మొదటి పేజీలో ఉండే పేరు సామ్రాజ్యం. మా అక్క. మూడో తరగతి. మిరప కోతల కూలీ. నాకు మొదటి పుస్తకాలు ఏరి తెచ్చిన మనిషి.

జై భీమ్. జై సావిత్రిబాయి.